సినిమా బాగుందా? ప్రేక్షకుల అభిప్రాయాన్ని కొలవడం ఎలా

సినిమా హాలు నుంచి బయటకు వస్తున్నప్పుడు తర్వాతి ఆటకు వరుసలో నిలబడ్డవారు "ఎలా ఉంది?" అని అడగడం మీకు అనుభవమే. మీరు ఒక్క మాటలో జవాబు చెప్పి ఉంటారు. బాగుంది, బాగోలేదు, ఫరవాలేదు. మీ వెనకే వచ్చిన మీ స్నేహితుడు దానికి సరిగ్గా వ్యతిరేకంగా చెప్పి ఉండవచ్చు. ఇద్దరూ చూసింది ఒకే సినిమా, ఒకే తెర, ఒకే ఆట.

ఒక గది ఉష్ణోగ్రత ఎంత అని అడిగితే థర్మామీటరు చూసి చెబుతాం. పది మంది చూసినా అంకె మారదు. సినిమా విషయంలో అటువంటి పరికరం లేదు. అయినా "ప్రేక్షకుల తీర్పు" పేరుతో ఏదో ఒక అంకె మన ముందుకు వస్తూనే ఉంటుంది. పదికి ఎనిమిది, ఐదుకు మూడున్నర, నూటికి 86 శాతం. నేను భౌతికశాస్త్రం చెప్పేవాణ్ణి, సినిమా విమర్శ నా పని కాదు. కానీ ఎవరైనా ఒక అంకె చెబితే దాన్ని దేనితో కొలిచారు, ఏం కొలిచారు అని అడగడం మా వృత్తిలో అలవాటు. ఈ పాఠంలో ఆ అలవాటును ఒక సినిమా మీద ప్రయోగించి చూద్దాం.

నేను ఎంచుకున్నది స్వీడన్ దేశపు నేరపరిశోధన చిత్రం. ఇంగ్లీషులో దాని పేరు 'ది గర్ల్ విత్ ద డ్రాగన్ టాటూ'. 2009లో విడుదలైంది. దర్శకుడు నీల్స్ ఆర్డెన్ ఓప్లెవ్, ఆయన డెన్మార్క్ దేశస్థుడు. దీనికి మూలం స్టీగ్ లార్సన్ రాసిన నవల. లార్సన్ పాత్రికేయుడు. జాత్యహంకార సంస్థల మీద పరిశోధించే 'ఎక్స్‌పో' అనే పత్రికను నడిపిన వారిలో ఒకరు. 2004 నవంబరులో, 50 ఏళ్ల వయసులో, గుండెపోటుతో మరణించాడు. నవల అచ్చయింది ఆ మరుసటి సంవత్సరం. అచ్చయిన తన పుస్తకం గురించి ఒక్క పాఠకుడి అభిప్రాయం కూడా ఆయన వినలేదు.

ఒక మాట ముందే చెప్పాలి. ఇది పెద్దల చిత్రం. స్త్రీల మీద జరిగే లైంగిక హింస ఇందులో సూటిగా ఉంటుంది. బ్రిటన్‌లో 18 ఏళ్లు నిండినవారికే అనుమతించారు. మీలో పాఠశాల విద్యార్థులు ఈ పాఠం కోసం సినిమా చూడనవసరం లేదు. కథ తెలియవలసినంత మేరకు నేనే చెబుతాను. హంతకుడెవరో మాత్రం చెప్పను.

హారియెట్ అనే పదహారేళ్ల అమ్మాయి 1966లో ఒక ద్వీపం నుంచి మాయమవుతుంది. ఆ రోజు వంతెన మీద ప్రమాదం జరిగి రాకపోకలు ఆగిపోతాయి. అంటే ఎవరూ బయటకు వెళ్లలేని చోటు నుంచి ఒక మనిషి కనిపించకుండా పోయింది. దాదాపు నలభై ఏళ్ల తర్వాత ఆమె పెదనాన్న వరసైన హెన్రిక్ వాంగర్ అనే పారిశ్రామికవేత్త, పరువునష్టం కేసులో ఓడిపోయిన మికేల్ బ్లూమ్‌క్విస్ట్ అనే పాత్రికేయుణ్ణి పిలిపించి, ఆ రహస్యం తేల్చమంటాడు. మికేల్‌కు తోడుగా వచ్చే అమ్మాయి లిస్బెత్ సలాండర్. కంప్యూటర్లలోకి దొంగతనంగా ప్రవేశించడంలో దిట్ట. ఎవరినీ నమ్మదు. చట్టం దృష్టిలో ఆమె తన వ్యవహారాలు తాను చూసుకోలేని వ్యక్తి. అందుచేత ఆమె మీద ప్రభుత్వం ఒక సంరక్షకుణ్ణి నియమించింది. ఆమె సంపాదించుకున్న డబ్బు ఆమె చేతికి రావాలంటే అతని అనుమతి కావాలి.

కథ ఇంత చాలు.

టికెట్టు అభిప్రాయం కాదు

సినిమా ఎంతమందికి నచ్చిందో తెలుసుకోవడానికి అందరూ మొదట చూసేది వసూళ్లు. ఈ చిత్రం ప్రపంచవ్యాప్తంగా 10 కోట్ల డాలర్లకు పైగా వసూలు చేసింది. స్వీడిష్ భాషా చిత్రానికి అది చాలా పెద్ద మొత్తం. దీని తర్వాతి రెండు భాగాలను మొదట టెలివిజన్ కోసమే అనుకున్నారు. మొదటి భాగం విజయం చూసి వాటినీ హాళ్లలో విడుదల చేశారు.

అయితే ఆలోచించండి. టికెట్టు ఎప్పుడు కొంటారు? సినిమా చూడకముందు. చూశాక నచ్చకపోయినా డబ్బు వెనక్కి రాదు. కనుక వసూళ్లు ప్రధానంగా కొలిచేది ఆశను. మొదటి వారం వసూళ్లయితే దాదాపు పూర్తిగా ఆశే. నాలుగో వారం, ఐదో వారం వసూళ్లలోకి చూసినవాళ్లు చూడనివాళ్లకు చెప్పిన మాట కొంత కలుస్తుంది.

ఇదే నవలను అమెరికాలో డేవిడ్ ఫించర్ 2011లో మళ్లీ తీశాడు. ఆ చిత్రం 23 కోట్ల డాలర్ల వరకు తెచ్చింది, అంటే స్వీడన్ చిత్రానికి రెట్టింపు కంటే ఎక్కువ. కానీ ఖర్చు కూడా చాలా ఎక్కువ. నిర్మాతలు ఇంకా పెద్ద విజయం ఊహించుకున్నారు. ఫలితంగా మొదటిది అద్భుత విజయం అనిపించుకుంది, రెండోది నిరాశ కలిగించినదిగా లెక్కలోకి వెళ్లింది. పెద్ద అంకెకు చిన్న పేరు, చిన్న అంకెకు పెద్ద పేరు!

మనకు ఆ అమెరికన్ చిత్రంతో ఒక ప్రత్యేక అనుభవం కూడా ఉంది. 2012లో అది భారతదేశంలో విడుదల కావలసి ఉండగా సెన్సారు బోర్డు కొన్ని సన్నివేశాలు తొలగించమన్నది. దర్శకుడు ఒప్పుకోలేదు. చిత్రం మన హాళ్లకు రాలేదు. కాబట్టి దాని మీద భారతీయ ప్రేక్షకుల అభిప్రాయం హాలు వసూళ్లలో సున్నా. ఆ సున్నాకు అర్థం ఎవరికీ నచ్చలేదని కాదు, ఎవరినీ అడగలేదని. సున్నాలు రెండు రకాలు. ప్రయోగశాలలో పరికరం సున్నా చూపించడం వేరు, పరికరానికి తీగ తగిలించకపోవడం వేరు.

నవల చదివినవారు, చదవనివారు

ఇప్పుడు చూసినవారి దగ్గరకు వద్దాం. ఈ చిత్రం ప్రేక్షకులు స్పష్టంగా రెండు వర్గాలు: నవల చదివి వచ్చినవారు, చదవకుండా వచ్చినవారు. ఇది మనకు కొత్త కాదు. యద్దనపూడి సులోచనారాణి 'సెక్రటరీ' నవల 1976లో సినిమాగా వచ్చినప్పుడు మీ అమ్మమ్మల తరం హాలు బయట ఏమని తగువులాడుకున్నారో వారినే అడగండి. "నవలలో రాజశేఖరం ఇలా ఉండడు" అన్నవారు ఒక పక్క, నవల ఊసే తెలియక హాయిగా చూసి వచ్చినవారు ఇంకో పక్క.

దాదాపు 500 పుటల లార్సన్ నవలను 152 నిమిషాల్లోకి కుదించారు. మికేల్‌కు తన పత్రిక భాగస్వామి ఎరికాతో ఉన్న బంధం నవలలో ముఖ్యమైనది, సినిమాలో అది నీడలా మిగిలింది. నవలలో మికేల్ మధ్యలో జైలుకు వెళ్లి వస్తాడు, సినిమాలో చివరికి వెళతాడు. హారియెట్ డైరీలో కొన్ని పేర్లు, వాటి పక్కన టెలిఫోన్ నంబర్లలా కనిపించే అంకెలు ఉంటాయి. అవి బైబిల్ వచనాల సంఖ్యలని నవలలో మొదట గుర్తుపట్టేది మికేల్ కూతురు. సినిమాలో ఆ పని లిస్బెత్‌కు అప్పగించారు. చదివినవారిలో ఒకరు దీన్ని ద్రోహం అనవచ్చు. నాకు మాత్రం ఇది తెలివైన మార్పుగానే తోచింది. ఒక పాత్ర తగ్గింది, ఇద్దరు ముఖ్యులు కలుసుకోవడానికి కారణమూ దొరికింది.

అదే సమయంలో నవల చేయలేని పని సినిమా చేసిన చోటు కూడా ఉంది. హారియెట్ మాయమైన రోజు ఊరేగింపులో తీసిన పాత ఫోటోలను మికేల్ ఒకదాని తర్వాత ఒకటి కంప్యూటరు మీద కదిలిస్తాడు. అమ్మాయి నవ్వుతూ ఊరేగింపు చూస్తుంటుంది. మరు ఫోటోలో చూపు వీధి అవతలికి మళ్లుతుంది. ఆ తర్వాతి ఫోటోలో ముఖం మారిపోతుంది. ఆమె ఎవరినో చూసింది. నవలలో ఇది వర్ణన. తెర మీద మన కళ్లముందే ఒక ముఖంలోకి భయం వచ్చి చేరుతుంది. నవల చదివినవారికి కూడా ఇక్కడ ఒళ్లు జలదరిస్తుంది.

సరే, ఈ రెండు వర్గాల మార్కులు కలిపి సగటు తీస్తే ఏమవుతుంది? ఊహించిన లెక్క ఒకటి చేద్దాం. చదివినవారు సగటున పదికి 6 ఇస్తారనుకోండి. చదవనివారు 8 ఇస్తారనుకోండి. విడుదలైన మొదటి వారం హాలు నిండా నవల అభిమానులే. నూరు మందిలో 80 మంది చదివినవారు, 20 మంది చదవనివారు. మొత్తం మార్కులు 480కి 160 కలిపితే 640. సగటు 6.4. రెండు నెలల తర్వాత పరిస్థితి తలకిందులైంది. 20 మంది చదివినవారు, 80 మంది చదవనివారు. 120కి 640 కలిపితే 760. సగటు 7.6.

"సినిమా మీద ప్రేక్షకుల అభిప్రాయం క్రమంగా మెరుగుపడింది" అని వార్త వస్తుంది. నిజానికి సినిమాలో ఒక్క ఫ్రేము మారలేదు. ఒక్క ప్రేక్షకుడి మనసూ మారలేదు. మారింది కలయిక మాత్రమే. సగటు కనిపించినప్పుడల్లా దాని కింద ఏయే గుంపులు కలిసి ఉన్నాయో విడదీసి చూడాలని గణాంకశాస్త్రం చెప్పేది ఇందుకే.

సగటు దాచే విషయం ఇంకొకటి ఉంది, దాన్ని త్వరగా చెప్పేస్తాను. ఇరవై మంది అందరూ 7 వేసినా సగటు 7. పది మంది 10, పది మంది 4 వేసినా సగటు 7. మొదటి సినిమా ఎవరినీ కదిలించలేదు. రెండోది ఇళ్లలో గొడవలు పెట్టింది. ఈ రెండింటినీ వేరుచేసి చూపే కొలతనే మీరు ఇంటర్మీడియట్‌లో విచలనం పేరుతో చదువుకున్నారు. పరీక్ష కోసం బట్టీపట్టిన ఆ సూత్రానికి ఇదీ ఉపయోగం.

విమర్శకుల విషయంలో వచ్చే శాతాన్ని కూడా జాగ్రత్తగా చదవండి. "86 శాతం" అని కనిపిస్తే నూటికి 86 మార్కులు అని చాలామంది అనుకుంటారు. సాధారణంగా దాని అర్థం, వందమంది విమర్శకుల్లో 86 మంది మొత్తం మీద అనుకూలంగా రాశారని. ఆ 86 మందీ "ఫరవాలేదు, చూడవచ్చు" అని మాత్రమే అని ఉండవచ్చు.

పేరు, ముఖం, భాష

కొలిచే పరికరం అంటే ఇక్కడ ప్రేక్షకుడే. ఆ పరికరం హాల్లోకి వచ్చేటప్పటికే ఏదో ఒక అంకె మీద ఉంటుంది, సున్నా దగ్గర ఉండదు. మా ప్రయోగశాలలో దీన్ని శూన్యాంశ దోషం అంటాం. స్క్రూగేజి వాడినవారికి తెలుసు.

ఈ చిత్రంలో ఆ దోషం పేరు దగ్గరే మొదలవుతుంది. స్వీడిష్‌లో నవల పేరు, సినిమా పేరు ఒకటే. దాని అర్థం 'స్త్రీలను ద్వేషించే పురుషులు'. ఫ్రెంచిలో కూడా దాదాపు ఆ అర్థమే ఉంచారు. ఇంగ్లీషులోకి వచ్చేసరికి అది 'డ్రాగన్ పచ్చబొట్టు అమ్మాయి' అయింది. స్వీడన్‌లో టికెట్టు కొన్న మనిషి పురుషుల గురించిన సినిమాకు వెళ్తున్నాడు. లండన్‌లోనో హైదరాబాదులోనో డీవీడీ పెట్టిన మనిషి ఒక వింత అమ్మాయి గురించిన సినిమా చూడబోతున్నాడు. ఆ తర్వాత ఇద్దరూ "హింస ఎక్కువైంది" అంటే, మాట ఒకటే అయినా ఫిర్యాదు ఒకటి కాదు. మొదటివాడు చెప్పిన విషయమే ఎక్కువసేపు చూపారంటున్నాడు. రెండోవాడు చెప్పకుండా చూపారంటున్నాడు.

తర్వాత ముఖాలు. హెన్రిక్ వాంగర్‌గా నటించిన స్వెన్-బెర్టిల్ టోబ్ మనకు ఒక ముసలి పారిశ్రామికవేత్త, అంతే. స్వీడన్ ప్రేక్షకులకు ఆయన పేరున్న గాయకుడు. 2012లో వచ్చిన 'మిథునం'లో ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం వంటింట్లో తిరుగుతుంటే తెలుగు ప్రేక్షకుడి చెవిలో నలభై ఏళ్ల పాటలు మోగుతూనే ఉంటాయి. స్వీడిష్ ప్రేక్షకుడు ఆ చిత్రం చూస్తే అతనికి వంటిల్లు మాత్రమే కనిపిస్తుంది. ఇద్దరి మార్కుల్నీ ఒకే కుండలో వేసి కలపవచ్చునా?

లిస్బెత్‌గా నటించిన నూమీ రాపాస్ విషయంలో మాత్రం అభిప్రాయాలు అరుదుగా ఏకమయ్యాయి. సినిమా సాగదీసినట్టుందని, టెలివిజన్ నాటకంలా ఉందని అన్నవారు సైతం ఆమెను మెచ్చుకున్నారు. స్వీడన్ జాతీయ చలనచిత్ర పురస్కారమైన గుల్డ్‌బగ్గె ఆమెకు ఉత్తమ నటిగా దక్కింది. 2011లో బ్రిటన్ వారి బాఫ్టా, ఆంగ్లేతర భాషా చిత్రాల విభాగంలో ఈ చిత్రానికి వచ్చింది. వేర్వేరు శూన్యాంశ దోషాలున్న పరికరాలన్నీ ఒక్కచోట ఒకే అంకె చూపిస్తే, అక్కడ నిజంగానే ఏదో ఉందని నమ్మవచ్చు. అమెరికన్ చిత్రంలో ఇదే పాత్ర వేసిన రూనీ మారాకు ఆస్కార్ నామినేషన్ వచ్చింది. ఇద్దరిలో ఎవరు మేలు అన్న చర్చ ఇప్పటికీ సాగుతుంది. ఆ చర్చలో పాల్గొనేవారిని నేను మొదట అడిగే ప్రశ్న ఒకటే. మీరు ముందు చూసింది ఏది?

మాట్లాడనివారు

ఇక అన్నిటికంటే పెద్ద చిక్కు. మనం ఇంతవరకు చెప్పుకున్నదంతా అభిప్రాయం చెప్పినవారి గురించి. చెప్పనివారి సంగతేమిటి?

మళ్లీ ఊహించిన లెక్క. ఒక సినిమా వెయ్యిమంది చూశారు. వందమందికి విపరీతంగా నచ్చింది. వందమందికి అసలు నచ్చలేదు. మిగిలిన 800 మందికి ఫరవాలేదు. బాగా నచ్చినవారు, అసలు నచ్చనివారు నూటికి 30 మంది చొప్పున నోరు విప్పుతారు. ఫరవాలేదనుకున్నవారిలో నూటికి ఇద్దరే మాట్లాడతారు. అప్పుడు మనకు వినిపించేవి 30, 30, 16, మొత్తం 76 గొంతులు. అందులో 60 గొంతులు, అంటే దాదాపు 79 శాతం, తీవ్రమైనవి. హాల్లో కూర్చున్నవారిలో తీవ్రంగా స్పందించినవారు 20 శాతమే!

గొంతుల సంఖ్య పెంచితే ఈ దోషం పోతుందని అనుకోవద్దు. 1936 అమెరికా అధ్యక్ష ఎన్నికలకు ముందు 'లిటరరీ డైజెస్ట్' పత్రిక కోటి మందికి అభిప్రాయ పత్రాలు పంపింది. 23 లక్షలకు పైగా తిరిగివచ్చాయి. లాండన్ గెలుస్తాడని పత్రిక ప్రకటించింది. రూజ్వెల్ట్ 48 రాష్ట్రాల్లో 46 గెలిచాడు. అదే ఎన్నికలో జార్జి గాలప్ సుమారు 50 వేల మందిని జాగ్రత్తగా ఎంచి అడిగి, విజేతను సరిగ్గా చెప్పాడు. మన దూరదర్శన్‌కు 1990లలో 'సురభి' వంటి కార్యక్రమాలకు లక్షల్లో కార్డులు వచ్చేవి. ఆ కార్డు రాసినవారు ఉత్సాహవంతులు. టీవీ కట్టేసి పడుకున్నవారు కార్డు రాయరు కదా.

లార్సన్ నవలలో నన్ను ఆపిన పుటలు ఇక్కడే గుర్తొస్తాయి. నవల నాలుగు భాగాలు. ప్రతి భాగానికి ముందు స్వీడన్‌లో స్త్రీల మీద హింస గురించిన ఒక గణాంకం ఉంటుంది. నేరపరిశోధన నవలలో గణాంకాలు పెట్టిన రచయిత నాకు వేరే తెలియదు. వాటిలో ఒకటి 46 శాతం, పురుషుడి చేతిలో హింసకు గురైన స్త్రీల శాతం. 2001లో స్వీడన్‌లో ప్రచురితమైన ఒక సర్వేలో ఈ అంకె కనిపిస్తుంది. ఆ సర్వేలో 10,000 మంది స్త్రీలను ఎంచి ప్రశ్నపత్రాలు పంపారు. దాదాపు 7,000 మంది జవాబిచ్చారు. చివరి భాగం ముందున్న అంకె 92. లైంగిక దాడికి గురై, ఆ సంఘటన గురించి పోలీసులకు చెప్పని స్త్రీల శాతం అది.

ఆ 92ను మన లెక్కలో పెట్టి చూడండి. పోలీసు రికార్డు ఒక్కటే చూసేవాడికి నూటికి 8 మాత్రమే కనిపిస్తాయి. అతను ఆ ఎనిమిదిని ఎంత నిజాయితీగా కూడినా అతని జవాబు తప్పే. అభిప్రాయం చెప్పిన 76 మందిని చూసి వెయ్యిమంది మనసు చెప్పినట్టే.

సినిమాలో లిస్బెత్ మీద సంరక్షకుడు చేసే దాడి సన్నివేశాలే ప్రేక్షకుల్ని ఎక్కువగా చీల్చాయి. ఇంత చూపనక్కర్లేదని కొందరు. చూపకపోతే అబద్ధమయ్యేదని కొందరు. ఈ వాదన నేను చాలాసార్లు విన్నాను, ఒకసారి అందులో నేనూ దూరాను.

కొన్నేళ్ల క్రితం సంగతి. ఒక పట్టణంలో అధ్యాపకులు, ఉద్యోగులు కలిసి నడుపుకునే చిన్న ఫిల్మ్ సొసైటీలో ఈ చిత్రం వేశారు. వచ్చింది ఇరవై నలుగురం. ప్రదర్శన అయ్యాక దీపాలు వేసి అభిప్రాయాలు అడిగారు. మొదట లేచిన పెద్దాయన నవల ముందు సినిమా దిగదుడుపే అన్నారు. తర్వాత లేచినవారంతా ఆ మాట చుట్టూనే తిరిగారు. దాడి సన్నివేశం అవసరమా కాదా అన్నది ఇంకో పావుగంట నడిచింది. మాట్లాడింది ఏడుగురం, అందరం మగవాళ్లం. చివర్లో సమీక్షించే పని నాకు అప్పగించారు. "మనలో ఎక్కువమందికి నవలే నచ్చింది. ఆ సన్నివేశం మీద భిన్నాభిప్రాయాలున్నాయి" అని గంభీరంగా చెప్పి కూర్చున్నాను.

స్కూటర్లు పెట్టిన చోట జంతుశాస్త్రం చెప్పే మా సహోద్యోగిని కలిశారు.

"ఎక్కువమంది అన్నారు కదా సార్, ఎంతమంది?" అని అడిగారు.

"ఐదారుగురు."

"ఇరవై నలుగురిలోనా?"

నాకు జవాబు తోచలేదు. మీకెలా అనిపించిందమ్మా అని అప్పుడు అడిగాను. అంతసేపు హాల్లో అడగవలసినవాణ్ణి.

"మీరంతా మాట్లాడిన సీను కాదు సార్ నన్ను బాధపెట్టింది. దానికి ముందు, ఆ పిల్ల తన డబ్బు తనకిమ్మని వాడి ఎదురుగా కుర్చీలో కూర్చుంటుందే, అది. కంప్యూటర్ కొనుక్కోవాలి, డబ్బు తనదే. అయినా ఎందుకో, ఏమిటో అన్నీ వాడికి చెప్పుకోవాలి. అక్కడే నాకు లేచి వెళ్లిపోదామనిపించింది" అన్నారు. హెల్మెట్ పెట్టుకుని, "నాకు సినిమా నచ్చింది సార్. నవల చదవలేదు" అని కూడా అన్నారు.

ఆ పదిహేడు మందిని నేను మనసులోనే "అభిప్రాయం లేనివారు" అనే గడిలో వేసేశానని ఇంటికి వచ్చే దారిలో తెలిసింది. గణాంకాలు బోధించే మనిషిని!

మాట్లాడనివారిని లెక్కలోకి తేవడానికి పద్ధతులు లేకపోలేదు. మన దేశంలో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఇళ్లలో హింస గురించి కూడా అడుగుతుంది. అడిగే తీరు తెలుసుకోదగ్గది. ఆ ప్రశ్నలకు ఒక ఇంట్లో ఒక్క స్త్రీనే ఎంచుతారు. ఆమెతో ఏకాంతంగా మాట్లాడే వీలుంటేనే అడుగుతారు. వీలు కాకపోతే ఆ భాగం వదిలేస్తారు. పక్కన అత్తగారో భర్తో ఉండగా వచ్చే జవాబు లెక్కకు పనికిరాదని వారికి తెలుసు. 2019-21లో జరిగిన ఐదో సర్వే ప్రకారం, హింసకు గురైన స్త్రీలలో ఎవరి సహాయమైనా కోరినవారు సుమారు 14 శాతం. మిగిలినవారిలో అత్యధికులు ఎవరికీ చెప్పనే లేదు. పోలీసు స్టేషనుకూ, పుట్టింటికీ చెప్పని మాట ఒక ప్రశ్నపత్రానికి చెప్పారంటే, అడిగిన పద్ధతి వల్లనే.

ఆ తర్వాతి నెల ఫిల్మ్ సొసైటీలో వేరే సినిమా వేసినప్పుడు నేను చిన్న చీటీలు కోసి తీసుకెళ్లాను. దీపాలు వేయగానే, ఎవరూ లేవకముందే, అందరికీ పంచాను. పేరు అక్కర్లేదన్నాను. పెద్దాయన కొంచెం చిన్నబుచ్చుకున్నారు గానీ ఆయనా రాశారు.

మీరూ చేసి చూడండి. నవల నుంచి గానీ కథ నుంచి గానీ వచ్చిన సినిమాను, మీ వయసుకు తగినదాన్ని, ఒకటి ఎంచుకోండి. తరగతిలో చర్చ మొదలుకాకముందే చీటీలు పంచండి. మూడు ప్రశ్నలు చాలు. మూలం చదివారా? పదికి ఎన్ని మార్కులు వేస్తారు? ఏ చోట కుర్చీలోంచి లేవాలనిపించింది, లేదా ముందుకు వంగి చూడాలనిపించింది? చదివినవారి సగటు, చదవనివారి సగటు వేర్వేరుగా కట్టండి. రెండింటికీ విచలనం కూడా కట్టండి. ఆ తర్వాత చర్చ పెట్టండి. చర్చలో వినిపించిన మాటల్ని ఒకరు పక్కన రాసుకుని, చీటీల పట్టికతో పోల్చండి. ఖాళీగా తిరిగివచ్చిన చీటీలకు పట్టికలో ఒక గడి కేటాయించండి. ఎన్ని చీటీలు పంచారో, ఎన్ని తిరిగివచ్చాయో పట్టిక పైనే రాయండి.